రంపం కొనబోతే... రేకు చూడండి!

ఉన్న మిషన్ మూలపడితే ఇంకోటి కొనాలి. దుకాణానికి వెళ్లినవాళ్లు ముందు మోటారునీ, ఆ తర్వాత ధరనీ అడుగుతారు. ఇంట్లో వడ్రంగం చేసేవాళ్లు చూడాల్సింది మాత్రం బ్లేడు వెనకాల నిలబడే ఓ చిన్న ఇనుప రేకుని.

‘ఠప్’మని ఒక్క చప్పుడు. ఆ వెంటనే మిషన్ ఖాళీగా తిరుగుతున్న రొద. చేతిలో ఉండాల్సిన చెక్క చేతిలో లేదు. వెనక్కి తిరిగి చూస్తే షెడ్డు గోడ పక్కనున్న ప్లాస్టిక్ స్టూలు కాళ్లు పైకెత్తి పడి ఉంది. కూర్చునే చోట ఇంత పొడుగు పగులు. దాని పక్కనే నేను కోస్తున్న రెండడుగుల టేకు పట్టీ.

ఆ స్టూలు మా మనవడిది. సెలవు రోజుల్లో ‘తాతా, నేనూ చూస్తా’ అంటూ దానిమీదే కూర్చుంటాడు. ఆ రోజు గురువారం. వాడు బళ్లో ఉన్నాడు.

జరిగింది అంతే. ఎవరికీ ఏమీ కాలేదు. సాయంత్రం మా ఆవిడ ఆ స్టూలుని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో ఆవిడ ఏమీ అనలేదంటే దానర్థం ఏమిటో నాకు బాగా తెలుసు. మర్నాడే పాత మిషన్ ప్లగ్గు పీకేశాను.

యాపిల్ పెట్టెలతో మొదలు

మాది కొత్తపేట. రిటైరైన కొత్తల్లో పొద్దుపోక పెరట్లోని రేకుల షెడ్డులో మొదలుపెట్టిన సరదా ఇది. అప్పట్లో పండ్ల మార్కెట్ ఇంకా ఇక్కడే ఉండేది. యాపిళ్లు వచ్చిన చెక్కపెట్టెలు చవగ్గా దొరికేవి. వాటిని విప్పి, మేకులు పీకి, చిత్రిక పట్టి పుస్తకాల అరలు, పీటలు, పిల్లల బొమ్మబండ్లు చేసేవాణ్ని. 2021లో మార్కెట్ బాటసింగారం తరలిపోయింది. దాంతోపాటే నా కలప ఖజానా కూడా! ఇప్పుడు పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే టేకు దర్వాజాలే దిక్కు.

మా గోడకి అవతల కుర్రాళ్ల హాస్టలు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకి వెళ్లే పిల్లలు. కిటికీ తెరిస్తే చాలు, ఒక్కొక్కడూ ఒక్కో పుస్తకంలో తల దూర్చి కనిపిస్తాడు. కొత్త మిషన్ కొనేటప్పుడు మా ఆవిడ ఒక వైపు, ఈ పిల్లలు ఒక వైపు నా లెక్కలోకి వచ్చారు.

ఇంతకీ నా పాత మిషన్ ఎలాంటిదంటారా? ఇంట్లో కబోర్డులు చేయించుకున్నవాళ్లు దాని అన్నదమ్ముల్ని చూసే ఉంటారు. ప్లైవుడ్ బల్లకి మధ్యలో సన్నటి చీలిక కోసి, కింద నుంచి చేతి కట్టర్ని తలకిందులుగా బిగిస్తారు. చాలాచోట్ల అది రాళ్లు కోసే మార్బుల్ కట్టరే! రాతి బ్లేడు తీసి చెక్క బ్లేడు వేస్తారు. స్విచ్చు ఎప్పుడూ నొక్కి ఉండేలా టేపు చుట్టేసి, గోడనున్న బటన్‌తోనే ఆన్, ఆఫ్ చేస్తారు. నాది అంతకన్నా ఒక మెట్టు పైన. ఇనుప ఫ్రేము, 7 అంగుళాల కట్టరు. ఆ ఫ్రేము చూసుకుని ఎంత గర్వపడ్డానో!

నాకు పని నేర్పింది మా ఇంటి తలుపులు చేసిన మేస్త్రీ. స్టూలు సంగతి చెప్పగానే ఆయన తన ఎడమ చెయ్యి ముందుకు చాపాడు. చూపుడువేలు సగమే ఉంటుంది. రోజూ చూసే చెయ్యే. ఆ రోజే అడిగాను, ఎలా పోయిందని.

‘‘గిట్లనే పోయింది సార్. కట్టె ఎన్కకు కొట్టింది. కట్టెను వట్టుకోబోతే చెయ్యి పండ్లల్ల వడ్డది. కొత్త మిషన్ల మోటర్ ఎంత అని అడగకుండ్రి. బ్లేడెన్క రేకు ఉన్నదా అని అడుగుండ్రి.’’

చెక్క ఎందుకు ఎగురుతుంది?

దీన్ని ఇంగ్లిషులో కిక్‌బ్యాక్ అంటారు. గాడిద తన్నినట్టే ఉంటుంది కాబట్టి పేరు సరిగ్గానే పెట్టారు.

బల్ల రంపంలో బ్లేడు ఎలా తిరుగుతుందో ఒక్కసారి ఊహించుకోండి. మన వైపున్న పళ్లు కిందికి దిగుతుంటాయి. అవి చెక్కని బల్లకేసి అదుముతాయి కాబట్టి ఏ గొడవా లేదు. అవతలి వైపు పళ్లు మాత్రం కింద నుంచి పైకి లేస్తూ, మన మీదికే వస్తుంటాయి. చెక్క నిటారుగా ముందుకి సాగినంతసేపూ ఆ వెనకపళ్లు చీలిక మధ్య ఖాళీలోనే తిరుగుతాయి. చెక్క కాస్త వంకరపోయినా, కోసిన చీలిక మళ్లీ మూసుకుపోయినా ఆ పళ్లకి చిక్కుతుంది. ఇక అవి దాన్ని ఎత్తి మన మీదికి విసిరేస్తాయి. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 3,650 సార్లు తిరిగితే దాని అంచు వేగం గంటకి దాదాపు 175 కిలోమీటర్లు! రెప్ప వేసేలోగా అంతా అయిపోతుంది.

చీలిక తనంతట తానే ఎందుకు మూసుకుపోతుందని మీకు అనుమానం రావచ్చు. చెట్టు పెరిగేటప్పుడూ, కలప ఆరేటప్పుడూ లోపల బిగువు పోగవుతుంది. నిలువుగా చీల్చగానే ఆ బిగువు వదులై రెండు ముక్కలూ విడిపోనైనా విడిపోతాయి, దగ్గరికైనా వస్తాయి. పాత దర్వాజా చెక్కల్లో ఏది ఎటు లాగుతుందో కోసేదాకా తెలియదు.

ఆ చీలిక మూసుకోకుండా కాపలా కాసేదే మేస్త్రీ చెప్పిన రేకు. దాని పేరు రైవింగ్ నైఫ్. పేరుకి కత్తేగానీ దానికి పదునుండదు. బ్లేడు వెనక, దాని వంపుని అనుకరిస్తూ, బ్లేడు కొస కంటే కాస్త కిందగా నిలబడుతుంది. పళ్లు కోసే చీలిక కన్నా రవ్వంత సన్నగా, బ్లేడు రేకు కన్నా రవ్వంత మందంగా ఉంటుంది. బ్లేడుని పైకెత్తితే తానూ లేస్తుంది, వాలిస్తే తానూ వాలుతుంది. కాబట్టి దాని దూరం ఎప్పుడూ మారదు. అమెరికాలో ఇది కొత్త మిషన్లకి తప్పనిసరి అయింది 2000 దశకం చివర్లోనే. అంతకుముందు అక్కడా కదలని రేకే ఉండేది. ప్రతి చిన్న పనికీ అడ్డం వస్తోందని జనం దాన్ని ఊడదీసి మూలన పడేసేవారు. మనిషి ఎక్కడైనా మనిషే!

రాణిగంజ్‌లో మూడు దుకాణాలు

మిషన్లూ పనిముట్లూ అనగానే సికింద్రాబాద్ రాణిగంజే గుర్తొస్తుంది. ఓ శనివారం మేస్త్రీని వెంటేసుకుని, సంచిలో మూలమట్టం, స్టీలు స్కేలు పెట్టుకుని బయల్దేరాను.

మొదటి దుకాణంలో మన దేశంలోనే పోతపోసిన ఇనుప మిషన్. ఒకే ఇరుసుకి ఒక కొసన చిత్రికపట్టే రోలరు, ఇంకో కొసన రంపం. పక్కనే 2 హెచ్‌పీ మోటారు, బెల్టు. చూడగానే ఏనుగులా అనిపించింది. ధర కూడా తక్కువే చెప్పారు. నా మనసు సగం అక్కడే పడిపోయింది. మేస్త్రీ మాత్రం వెనక్కి వెళ్లి వంగి చూసి తల అడ్డంగా ఊపాడు. రేకు లేదు, బ్లేడు మీద కప్పు లేదు, బెల్టుకి ముసుగు కూడా లేదు. ‘అవన్నీ కావాలంటే మీరు చేయించుకోవాలి’ అన్నాడు దుకాణదారు. అదీ సంగతి.

రెండోచోట పెద్ద రంపం. రెండు మూడు హెచ్‌పీల ఇండక్షన్ మోటారు, దళసరి పోత బల్ల. ఇది తిరుగుతుంటే పక్కనే నిలబడి మాట్లాడుకోవచ్చు, అంత నెమ్మది! హాస్టలు పిల్లల్ని తలుచుకుంటే ఇదే కొనాలనిపించింది. కానీ ఒకసారి పెట్టిన చోటు నుంచి కదలదు. మా షెడ్డు పది అడుగులకి పన్నెండు. మిషన్ మధ్యలో ఉంటే మనిషి బయట నిలబడి పనిచేయాలి. పైగా ఇండక్షన్ మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలుగా తీసుకునే దానికి అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. మా ఇంటి పాత వైరింగ్ అంతా మార్చాలి. స్థలమున్నవాళ్లు, రోజూ పనుండేవాళ్లు కళ్లు మూసుకుని తీసుకోవాల్సింది ఇలాంటిదే. నాకు కుదరదు.

మూడోది సైట్లమీదికి మోసుకెళ్లే రకం. బాష్, డివాల్ట్, మకిటా లాంటి కంపెనీలవి. 10 అంగుళాల బ్లేడు, 1,500 నుంచి 2,000 వాట్ల మోటారు. పాతిక కేజీలకి కాస్త అటూ ఇటూ కాబట్టి ఇద్దరం కలిసి ఎత్తి పక్కన పెట్టేయొచ్చు. మిక్సీలో ఉండేలాంటి కార్బన్ బ్రష్షుల మోటారు. అందుకే మిక్సీలాగే అరుస్తుంది, కాదు... పది మిక్సీల్లా అరుస్తుంది! కానీ వెనకాల రేకుంది, పైన పారదర్శకమైన కప్పుంది. నాకు చెప్పిన ధరలు ముప్పై అయిదు వేల నుంచి అరవై వేల మధ్యలో ఉన్నాయి.

ఇక్కడ మేస్త్రీ చేసిన పరీక్షలు చూసి దుకాణం కుర్రాడికి విసుగొచ్చింది కానీ, నాకు మాత్రం కళ్లు తెరుచుకున్నాయి. ముందు ఫెన్స్ పట్టుకుని ఊపాడు. చెక్క ఆనుకుని నడిచే ఇనుప గోడ అది. బిగించాక దాని చివర వేలితో నెడితే కదలకూడదు. తర్వాత బ్లేడులో ఒక పంటికి పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఆ పంటికీ ఫెన్స్‌కీ మధ్య దూరం కొలిచాడు. అదే పంటిని చేత్తో వెనక్కి తిప్పి మళ్లీ కొలిచాడు. ప్లగ్గు పీకే లెండి! రెండూ సమానంగా ఉండాలి. వెనక దూరం తక్కువైందంటే చెక్క ముందుకి పోతూ బ్లేడుకీ ఫెన్స్‌కీ మధ్య ఇరుక్కుంటుంది. అంటే మళ్లీ గాడిద తన్ను. ఒక మిషన్‌లో తేడా ఒక మిల్లీమీటరు దాకా వచ్చింది. పక్కదాంట్లో ఏమీ లేదు. పళ్లచక్రం మీద రెండు కొసలూ ఒకేసారి జరిగే ఫెన్స్ ఉన్నదాన్ని ఎంచుకోమన్నాడు. ఆ ఏర్పాటు వల్ల ప్రతిసారీ కొలవక్కర్లేకుండా సమాంతరంగా ఉంటుందట.

ఫెన్స్ ఎంత దూరం జరుగుతుందన్నదీ చూడాలి. మనకి వచ్చే ప్లైవుడ్ షీటు 8 అడుగులు పొడుగు, 4 అడుగులు వెడల్పు. దాన్ని నిలువునా సగానికి చీల్చాలంటే 24 అంగుళాలైనా జరగాలి. కొన్ని మిషన్లలో అంత జరగదు. అయినా పూర్తి షీటుని ఒక్కడే ఆ చిన్న బల్లమీద కోయడం నావరకు ఒప్పుకోను. ప్లైవుడ్ దుకాణంలోనే పెద్ద మిషన్‌మీద సగం చేయించి తెచ్చుకోవడం మేలు. ఆ మాటకొస్తే, ఏడాదికి ఒకటో రెండో షెల్ఫులు చేసుకునేవాళ్లకి బల్ల రంపమే అక్కర్లేదు. కొలతలు రాసిచ్చి అన్ని ముక్కలూ అక్కడే కోయించుకోవచ్చు.

ఇంకోటి... స్విచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. మిషన్ తిరుగుతుండగా కరెంటు పోయిందనుకోండి. మనం ‘అయ్యో’ అనుకుని వదిలేసి, బ్లేడు దగ్గర పొట్టు ఊడుస్తుంటాం. ఇంతలో కరెంటొస్తుంది! నా పాత మిషన్ అయితే ఆ క్షణంలోనే గిర్రున లేస్తుంది. మంచి మిషన్లలో కరెంటు పోగానే స్విచ్చు తనంతట తానే ఆఫ్ అయిపోతుంది. మళ్లీ నొక్కితేనే తిరుగుతుంది. దీన్ని నో వోల్ట్ రిలీజ్ అంటారు. ‘ఉంది సార్’ అనే మాట నమ్మొద్దు. మిషన్ ఆన్‌లో ఉండగా గోడ బటన్ ఆపించి, మళ్లీ వేయించి చూడండి. ఆఫ్ చేసే బటను చేతులు ఖాళీ లేనప్పుడు మోకాలితో కొట్టేంత పెద్దదిగా, ముందు వైపే ఉండాలి.

డల్లాస్ నుంచి సాసేజ్ రంపం

ఇంత జరుగుతుండగా డల్లాస్ నుంచి మా అబ్బాయి ఫోను. ‘‘నాన్నా, ఇక్కడ వేలు తగలగానే ఆగిపోయే రంపం ఉంది. అదే పంపిస్తా. అమ్మ నిశ్చింతగా ఉంటుంది.’’

వాడు చెప్పింది నిజమే. ఆ మిషన్ పేరు సాస్టాప్. 1999లో స్టీఫెన్ గాస్ అనే ఆయన దీన్ని కనిపెట్టారు. భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసి పేటెంట్ లాయరుగా పనిచేస్తూ, తీరిక వేళల్లో వడ్రంగం చేసుకునే మనిషి. బ్లేడులోకి చిన్న విద్యుత్ సంకేతం పంపిస్తారు. చెక్క దాన్ని పెద్దగా లాక్కోదు, మనిషి శరీరం మాత్రం లాక్కుంటుంది. సంకేతంలో ఆ మార్పు కనబడగానే ఒక అల్యూమినియం ముక్క వచ్చి తిరిగే పళ్లలో అడ్డంగా దిగుతుంది. 5 మిల్లీసెకన్లలోపే బ్లేడు ఆగిపోయి బల్లకిందికి జారిపోతుంది. దీన్ని చూపించడానికి ఆయన సాసేజ్‌ని బ్లేడుకి తాకించేవారు. దానిమీద చిన్న గీత మాత్రం పడేది. ఒకసారి తన వేలే పెట్టి చూపించారు!

అమెరికాలో బల్ల రంపాల వల్ల గాయపడి ఆసుపత్రుల అత్యవసర విభాగాలకి వచ్చేవాళ్లు ఏటా 30 వేల మందికి పైమాటేనని అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ అంచనా. పెద్ద పెద్ద కంపెనీలు ఈ పద్ధతిని తీసుకోవడానికి ఒప్పుకోకపోవడంతో గాస్ తానే కంపెనీ పెట్టి 2004 నుంచి అమ్మడం మొదలెట్టారు.

మరి పంపించమనొచ్చుగా? అక్కడే చిక్కు. అక్కడి ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, 60 సైకిళ్లు. మనది 230 వోల్టులు, 50 సైకిళ్లు. వోల్టేజీని ట్రాన్స్‌ఫార్మర్‌తో తగ్గించుకోవచ్చుగానీ సైకిళ్లని అది మార్చలేదు. 60 సైకిళ్ల ఇండక్షన్ మోటారు మన దగ్గర నెమ్మదిగా తిరుగుతుంది, వేడెక్కుతుంది. బ్లేడు మధ్య రంధ్రం కూడా వేరు. అక్కడ సాధారణంగా అంగుళంలో 5/8 వంతు, ఇక్కడ దుకాణాల్లో దొరికే 10 అంగుళాల బ్లేడ్లకి 25.4 లేదా 30 మిల్లీమీటర్లు. పైగా బ్రేకు ఒకసారి పడితే ఆ బ్రేకు పెట్టె మార్చాల్సిందే. బ్లేడు కూడా దాదాపు పోయినట్టే. పచ్చి కలపకీ, లోహానికీ కూడా అది పొరబడి పడొచ్చు. పాత దర్వాజాలు కోసే నాకు దాంట్లో ఎక్కడ ఏ మేకుందో ఎలా తెలుస్తుంది? 230 వోల్టుల మోడళ్లు ఇతర దేశాల కోసం చేస్తున్నారు కాబట్టి, డబ్బూ సర్వీసు భరోసా రెండూ ఉన్నవాళ్లు వాటి గురించి ఆలోచించొచ్చు. అబ్బాయికి ఇదంతా చెప్తే, ‘‘అయితే మంచి బ్లేడన్నా కొనుక్కోండి’’ అని డబ్బులు పంపాడు.

ఆ సలహా మాత్రం బంగారం. మిషన్‌తో వచ్చే బ్లేడు చాలావరకు నామమాత్రంగా ఉంటుంది. చెక్కని నిలువుగా చీల్చడానికి 24 పళ్ల బ్లేడు, ప్లైవుడ్‌కి 60 లేదా 80 పళ్లది పెట్టుకోవాలి. ఒక్కటే కొనగలిగితే 40 పళ్లది. కొనేముందు రేకు మీద రాసి ఉండే మందం చూసుకోవాలి. బ్లేడు కోసే చీలిక రేకు కన్నా సన్నగా ఉందంటే చెక్క అక్కడే ఆగిపోతుంది. అప్పుడు రేకు ఊడదీయాలనే బుద్ధి పుడుతుంది.

దసరా నాటికి...

మూడోచోట చూసినవాటిలో తేడా రాని మిషన్నే తెచ్చుకున్నాం. దానికోసం 16 ఆంపియర్ల ప్లగ్గు వేయించాను. 1,800 వాట్లంటే దాదాపు 8 ఆంపియర్లు. మామూలు ప్లగ్గు, సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు దానికి ఆగవు. పొట్టు బయటికొచ్చే గొట్టానికి పాత వాక్యూమ్ క్లీనర్ తగిలించాను. కలప పొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. అందుకే మాస్కు కూడా. లుంగీ, కండువా, వదులు చేతుల చొక్కా షెడ్డు బయటే. గ్లోవ్స్ కూడా వేసుకోను. బ్లేడు వాటిని పట్టుకుందంటే చెయ్యి కూడా వాటి వెంటే వెళ్తుంది. బ్లేడుకి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి నిలబడతాను. చివరి జానెడు చెక్కని చేత్తో కాదు, చెక్కపుల్లతో నెడతాను. ఆ పుల్ల నేనే చేశాను, చిలక ముక్కులా ఉంటుంది. మనవడికి అది తెగ నచ్చేసింది.

మిగిలింది రొద. గోడ అవతలికి వెళ్లి హాస్టలు పిల్లలతో మాట్లాడాను. నివాస ప్రాంతాల్లో పగటిపూట 55 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఈ మిషన్ దగ్గర నిలబడితే అంతకు మించే ఉంటుంది. మీరు ఎప్పుడు చదవరు, ఎప్పుడు ఉండరు చెప్పండి, అప్పుడే కోసుకుంటానన్నాను. వాళ్లలో వాళ్లు గుసగుసలాడుకుని పదిన్నర నుంచి పన్నెండు అన్నారు. అందరూ క్లాసులకి వెళ్లే వేళ అట. ఆదివారం మాత్రం అసలొద్దన్నారు, ఆ రోజు మాక్ టెస్టులుంటాయట. షెడ్డు కిటికీకి రెండు పొరల ప్లైవుడ్ తలుపు బిగించి, మధ్యలో పాత బొంత కుక్కాను. కొంత నయం.

దసరాకి మిషన్‌కి పసుపు రాసి బొట్టు పెట్టింది మా ఆవిడే. పెట్టి, వెనక్కి వంగి రేకుని వేలితో తాకి చూసింది. ‘‘ఇదేనా?’’ అంది. అవునన్నాను. దానికి కూడా చిన్న బొట్టు పెట్టింది.

మనవడికి కొత్త స్టూలు చేశాను, టేకుది. పాత దర్వాజా చెక్కతోనే. షెడ్డు గడపకి ఇవతల, మిషన్‌కి పక్కవాటుగా వేశాం. మిషన్ తిరుగుతున్నంతసేపూ వాడు గడప దాటకూడదని షరతు. మొన్న హాస్టలు నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, మంచం మీద కూర్చుని చదువుకోవడానికి మడతబల్లలు చేసిపెడతారా అనడిగారు. ఎన్ని కావాలంటే పద్నాలుగన్నారు. పదిన్నర నుంచి పన్నెండు మధ్యలో మాత్రమేనట!